మంద్రమున మొదలై మిన్నంటు పాట

ఆంగ్లమునందలి "బ్యాలడ్" అను పదము మన విద్యార్థులకు రెండు తావుల నెదురగుచున్నది. పాఠ్యపుస్తకమున అది కథను చెప్పెడు పాత పద్యము. చేతిఫోనులో వినవచ్చు పాశ్చాత్య సంగీతమున అది మెల్లగా సాగెడు ప్రేమగీతము. ఒక్క పదమునకు ఇంత భేదమేల కలిగెనని పై తరగతుల బాలబాలికలు కొందఱు మమ్మడిగిరి. ఈ ప్రశ్న చూచుటకు చిన్నదే గాని, దానివెంట పోయినచో అది మనలను అమెరికా నగరముల క్రీడాశాలలనుండి కుందేటి యొడ్డునగల ఉయ్యాలవాడకు తీసికొనిపోవును. కావున కొంచెము తీరికగానే సమాధానము చెప్పదలచితిమి.

ముందు పదము సంగతి. లాటినుభాషలో నాట్యమాడుట యను అర్థముగల క్రియనుండి ఇది పుట్టినది. ఫ్రాన్సుదేశమున ఆటతో కూడిన పాటకు ఈ పేరుండెను. ఇంగ్లండు, స్కాట్లండు దేశములకు వచ్చునప్పటికి ఆట జారిపోయి కథ మిగిలినది. సరిహద్దు పోరులు, దోపిడులు, నమ్మకద్రోహములు, విడిపోయిన ప్రేమికులు ఆ పాటలకు వస్తువులు. 1765లో థామస్ పెర్సీ అను మతగురువు అట్టి పాతపాటలను సంపుటముగా ముద్రించి విద్వాంసుల కన్నులు తెఱపించెను. 1802లో వాల్టర్ స్కాటును, 1882 మొదలు 1898 వఱకు అమెరికా పండితుడగు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డును ఆ పనిని కొనసాగించిరి. చైల్డు సంపుటములలో 305 కథాగేయములు పాఠాంతరములతో గలవు. ఈలోగా నగరములయందు పియానోచెంత పాడుకొను జాలిపాటలకును ఇదే పేరు పెట్టసాగిరి. కథ పోయి జాలి మిగిలినది. ఇరువదవ శతాబ్దమునకు "బ్యాలడ్" అన నెమ్మదియైన పాట యనియే సామాన్యులకు అర్థమయ్యెను. ఒకే యింటిపేరు గల రెండు కుటుంబములవలె ఆ రెండర్థములును నేటికిని వేర్వేఱుగా బ్రదుకుచున్నవి.

ఇక రాక్ సంగీతము. ఇది 1950 ప్రాంతమున అమెరికాలో నల్లజాతివారి బ్లూస్ పాటలనుండియు, పల్లెల పాటలనుండియు పుట్టినది. దీనికి ప్రాణము విద్యుత్ గిటారు. తీగె మ్రోతను విద్యుత్తుచే పెంచి, ఒక్కొక్కప్పుడు బుద్ధిపూర్వకముగా చెదరగొట్టి, గర్జనమువంటి నాదమును పుట్టింతురు. ఇట్టి గర్జనలో మెత్తని మాటకు చోటెక్కడిదని పెద్దలు తలచిరి. 1970 తరువాత కొన్ని వాద్యబృందములవారు దానికి ఉపాయము కనిపెట్టిరి. పాటను మెత్తగానే మొదలుపెట్టి, గర్జనను చివరకు దాచియుంచుటయే ఆ యుపాయము.

1971లో లెడ్ జెపెలిన్ అను ఆంగ్లబృందము వెలువరించిన "స్టెయిర్‌వే టు హెవెన్" అను పాట దీనికి మంచి నిదర్శనము. అది ఎనిమిది నిమిషముల పాట. మొదట గిటారు తీగెలను ఒక్కొక్కటిగా మీటుట వినబడును. వెంట పిల్లనగ్రోవులవంటి వాద్యములు వచ్చును. డోళ్లు మొదలగుటకే నాలుగు నిమిషములు దాటును. తుదకు సర్వవాద్యములును ఒక్కపెట్టున విజృంభించి, మరల పాట ఒంటరి గొంతుతో ముగియును. 1973లో ఏరోస్మిత్ అను అమెరికా బృందమువారి "డ్రీమ్ ఆన్" అను పాటయు ఈ మార్గమునే పట్టినది. ఇట్టివానికి "పవర్ బ్యాలడ్" అని పేరు వచ్చెను. బలముగల నెమ్మదిపాట యని దాని భావము. మాటలో పరస్పర విరోధమున్నట్లు తోచును గాని, పాటకు ప్రాణము ఆ విరోధమునందే యున్నది.

ఈ పాటల కట్టడమును విద్యార్థులు చెవితో పట్టుకొనవచ్చును. తొలి చరణమున పియానో యో, తీగెవాద్యమో ఒక్కటే వినబడును. గాయకుడు దగ్గఱ కూర్చుండి మనతో మాటలాడినట్లు పాడును. రెండవ చరణమునకు డోళ్లు వచ్చును. పల్లవి మరల వచ్చిన కొలదియు వాద్యములు పెరుగును. మూడింట రెండువంతులు గడచిన తరువాత గిటారు ఒంటరిగా, మాటలు లేకయే, విలపించును. పిమ్మట తఱచుగా శ్రుతిని ఒక మెట్టు పెంచి పల్లవిని మరల ఎత్తుకొందురు. అప్పటికి పల్లవి అందఱకును నోటికి వచ్చియుండును గనుక సభయంతయు గొంతు కలుపును. 1984లో ఫారినర్ అను బృందము తన పాటలో న్యూజెర్సీ రాష్ట్రపు చర్చిగాయకుల బృందమునే తెచ్చి పల్లవి పాడించినది. వేలమంది గొంతు కలుపవలెనని కోరు పాటకు అది తగిన ఏర్పాటే.

1980 మొదలు పది పండ్రెండేండ్లు ఈ పాటలకు మహాదశ. కఠినసంగీతము పాడు బృందములు తమ రికార్డులలో ఇట్టి పాట ఒక్కటియైనను ఉంచుట పరిపాటి యయ్యెను; ఏలయన గర్జనను సహింపని శ్రోతలును దీనిని విందురు, రేడియోవారును వేయుదురు. సభలలో దీపములార్పి, శ్రోతలు సిగరెట్టు వెలిగించు లైటర్లను పైకెత్తి ఊపుట ఆచారమయ్యెను. నేడు చేతిఫోనుల వెలుగును ఊపుచున్నారు. 1991 తరువాత అభిరుచి మాఱి, నిర్వాణ మొదలగు బృందముల గరుకైన పాటలు ముందునకు వచ్చినవి. ఐనను పవర్ బ్యాలడు చావలేదు. జర్మనీదేశపు స్కార్పియన్స్ బృందమువారి "విండ్ ఆఫ్ చేంజ్" అను పాటను చూడుడు. 1989 ఆగష్టులో మాస్కోనగరమున జరిగిన సంగీతోత్సవము దానికి ప్రేరణము. ఆ సంవత్సరము నవంబరులోనే బెర్లినుగోడ తెఱవబడెను. పాట 1990లో రికార్డు చేయబడి, ఆ మాఱుచున్న కాలమునకే గుర్తుగా నిలిచిపోయినది. అది ఈలపాటతో మొదలగును. ఒంటిగా దారిని పోవువాడు వేయు ఈలవంటిది. దానినుండి జనసమూహపు గొంతు పుట్టును.

మంచిమాటతో పాటు మఱియొక మాటయు చెప్పవలెను. ఈ పాటలలో పెక్కు కొలతపాత్రలతో కొలిచి వండిన వంటవంటివి. ఎచ్చట కంట నీరు రావలెనో ముందే లెక్కగట్టి అచ్చట డోలు కొట్టుదురు. అట్టివి ఒక యేడాది మ్రోగి మఱుగునపడినవి. నిలిచినవానిలో లెక్కకు మించినది ఏదో యుండవలెను. అదేమో తెలిసికొనుటకు మా యభిప్రాయమున మన దేశపు పాటయే మంచి ఒరగల్లు. రాయలసీమ వీరగాథ కూడ మంద్రమున మొదలై మిన్నంటును గదా! దానికి విద్యుత్తు లేదు, లెక్కగట్టిన వర్తకుడును లేడు.

బద్వేలునుండి మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మీదుగా పడమటికి పోయినచో రేనాడు అను ప్రాచీన సీమ చేరుదుము. తెలుగులో శాసనములు వ్రాయించుటకు మొట్టమొదట పూనుకొన్న రేనాటి చోళుల దేశమిది; ఎఱ్ఱగుంట్ల చేరువనున్న కలమళ్లలో ధనంజయుడను రాజు వేయించిన శాసనము క్రీ. శ. 575 ప్రాంతమునాటిది. కుందేరు ఆ సీమను తడుపుచు వచ్చి పెన్నలో కలియును. మన సగిలేరును పెన్నలోనే కలియును. కావున ఏరులనుబట్టి చూచిన రేనాటివారు మనకు పొరుగువారే.

1800లో నిజాము ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీవారికి ఇచ్చివేసెను. థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 వఱకు ఇచ్చట నుండెను. అప్పటికి దత్తమండలములలో 80 మంది పాళెగాండ్రు కోటలు కట్టుకొని, బంట్లను పెట్టుకొని, ఎవరికి వారు ఏలికలై యుండిరి. మన్రో వారి యధికారమును తీసివేసి, కొందఱకు పింఛనులిచ్చి, శిస్తును రైతులవద్దనుండి నేరుగా వసూలు చేయు పద్ధతిని స్థాపించెను. ఊళ్లలో కావలి కాయు కట్టుబడి బంట్లకు పూర్వమునుండి మాన్యపు భూములుండెడివి. కాలక్రమమున ఆ మాన్యములు కూడ ఒక్కొక్కటిగా సర్కారు పాలగుచు వచ్చెను. కత్తి పట్టుటయే వృత్తియైనవానికి కత్తియు పోయి భూమియు పోయినది.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అట్టి పాళెగాండ్ర వంశమువాడు. ఆతని మాతామహుడు నొస్సము పాళెగాడగు జయరామిరెడ్డి. ఆతనికి నెలకు పదునొకండు రూపాయల పైచిలుకు పింఛను వచ్చుచుండెను. నొస్సమువారి పింఛను వారసులు లేక రద్దు కాగా, తనకు రావలసిన భాగము రాలేదని ఆతనికి కష్టము తోచెను. 1846 జూలైలో ఆతడు కట్టుబడి బంట్లను కూడగట్టుకొని కోయిలకుంట్ల ఖజానాపై పడెను. పిమ్మట సగిలేటి యెగువనున్న గిద్దలూరువద్ద ఒక రాత్రి కుంపిణీ పటాలముతో పోరాడెను. ఆ యేట అక్టోబరు 6వ తేదిని కొండలలో పట్టుబడెను. 1847 ఫిబ్రవరి 22వ తేదిని కోయిలకుంట్లలో జనులయెదుట ఆతనిని ఉరితీసి, తలను కోటపై వ్రేలాడదీసిరి. అది 1877 వఱకు అట్లే యుండెను. అనగా ముప్పదియేండ్లు. ఉరినాడు తల్లి చంకనున్న బిడ్డ పెరిగి, పెండ్లాడి, తన బిడ్డలను చంకనెత్తుకొని ఆ కోటక్రిందనే సంతకు పోయియుండవచ్చును.

జనులు భయపడవలెనని తలను అచ్చట నుంచిరి. జనులు భయపడియే యుందురు. ఐనను పాట కట్టిరి.

ఆ పాట నేటికిని పలువిధములుగా వాడుకలో నున్నది. తందాన కథగా తంబురపై పాడువారు కలరు. కోలాటములలోను చెక్కభజనలలోను కోలలు తాకించుచు పాడువారును కలరు. పాడువారినిబట్టి చరణముల వరుసయు మాటలును మాఱును. సామాన్యముగా వీరగాథను పాడు తీరును ఇచ్చట వివరింతుము. ప్రధాన కథకుడు భుజముపై తంబుర పెట్టుకొని, చేతి వ్రేళ్లకు అందెలు తొడిగికొని నడుమ నిలుచును. ఇరుప్రక్కల ఇద్దఱు వంతపాటగాండ్రు గుమ్మెటలతో నుందురు. గుమ్మెట మట్టితోనో ఇత్తడితోనో చేసిన చిన్నకుండవంటి వాద్యము. ఒకవైపున తోలు మూయబడియుండును. మొదట ప్రార్థన, దానిని తంబుర శ్రుతిమీద నెమ్మదిగా పాడుదురు. తరువాత దేశవర్ణనయు, వీరుని పుట్టుపూర్వోత్తరములును వచనముతో కలిసి సాగును. అప్పటికి గుమ్మెటలు తాళము చూపుటకు మాత్రమే మ్రోగును. అవమానపు ఘట్టము వచ్చును. నరసింహారెడ్డి కథలో అది తాసిల్దారు పింఛను ఇయ్యక నిందించి పలికిన ఘట్టము. అచ్చటనుండి లయ త్వరపడును, చరణములు కుఱుచయగును. వంతవారు పల్లవిని అందుకొందురు. యుద్ధఘట్టమునకు గుమ్మెటలు పిడుగులవలె మ్రోగును, కథకుడు అడుగు వేయుచు ముందు వెనుకలకు నడచును. జనము "సై" యనును. 2019లో చిరంజీవి నటించిన చలనచిత్రమునకు "సైరా నరసింహారెడ్డి" యని పేరు పెట్టుటకు ఈ పాటలోని కేకయే మూలము.

ఇక మరణఘట్టమున వాద్యములు ఒక్కసారిగా నిలిచిపోవును. తంబుర మాత్రము మిగులును. అంతవఱకు కేకలు వేసిన సభలో దగ్గు వినబడదు. మాకు తోచినంతవఱకు వీరగాథయొక్క బలమంతయు ఈ నిశ్శబ్దమునందున్నది. పిడుగులవంటి మ్రోత ముందు లేకున్న ఈ నిశ్శబ్దమునకు విలువ లేదు. మొదటి నెమ్మది లేకున్న మ్రోతకును విలువ లేదు. లెడ్ జెపెలినువారు తమ పాటను ఒంటరి గొంతుతో ముగించుటయు, మన కథకుడు తంబురతో ముగించుటయు ఒకరినుండి యొకరు నేర్చినవి కావు. మనుష్యుని చెవి ఎచ్చటనైనను ఒక్కటే యగుటచే కలిగిన పోలిక యది.

పాట చెప్పునది చరిత్రయేనా యని విద్యార్థులు అడుగవలసినదే. దొరతనమువారి కాగితములలో నరసింహారెడ్డి పింఛనుకై పేచీపడి తిరుగుబాటు చేసినవాడు. పాటలో ఆతడు సీమ మానము కాపాడిన వీరుడు. రెండింటిలో ఏదో ఒకటి అబద్ధమని త్రోసిపుచ్చుట సులభము, కాని అది సోమరితనము. 1846లో ఒక పాళెగాని మనుమనికి నేడు మనము చెప్పుకొను దేశస్వాతంత్ర్యభావము ఉండెనని మేము గట్టిగా చెప్పజాలము. కాని ఒక్కని పదునొకండు రూపాయలకొఱకు ఇన్ని యూళ్లవారు కదలిరనుటయు నమ్మదగినది కాదు. ఆతని యనుచరులలో దాదాపు వేయిమందిపై వారంట్లు పుట్టినవి. నూటికి పైగా శిక్షలు పడినవి. మాన్యములు పోయిన కట్టుబడివారి కడుపుమంటయే ఆతని సేన. ఆతని కుడిభుజముగా చెప్పబడు వడ్డె ఓబన్న పేరు పాటలోను జనుల నోటను నిలిచియుండుట దీనికి సాక్ష్యము. పాట మాన్యముల లెక్క చెప్పదు. కాగితములు తల్లుల యేడ్పు చెప్పవు. చరిత్ర చదువగోరువారు రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టుకొనవలెను.

ఉయ్యాలవాడనుగూర్చియే మఱియొక విశేషమున్నది. కుంపిణీవారు ఉరితీసిన వానికి పాట కట్టిన యీ సీమవారు, రాణిగారు సన్మానించిన వానికిని పాట కట్టిరి. ఆతడు బుడ్డా వెంగళరెడ్డి. ఊరు ఆ ఉయ్యాలవాడయే. 1866 నాటి కరవులో ఆతడు తన ధాన్యపు పాతరలు తెఱచి వేలమందికి అన్నము పెట్టించెను. విక్టోరియారాణి ఆతనికి బంగారుపతకము పంపెను. ఆచార్య తంగిరాల వెంకట సుబ్బారావుగారు ఈ యిద్దఱినిగూర్చిన గేయములను సేకరించి, "రేనాటి సూర్యచంద్రులు" అని పేరు పెట్టిరి. ఆ పేరు మిక్కిలి తగియున్నది. ఒకనిది ఎండ, ఒకనిది వెన్నెల. కరవు సీమలో అన్నము పెట్టినవాడును వీరుడే యని పాడువారికి ఎవరును నేర్పనక్కఱలేదు. దొరతనము మెచ్చెనా, ఉరి తీసెనా యని పాట చూడలేదు. తమకొఱకు ఎవడు తన సొత్తు పోగొట్టుకొనెనో చూచినది.

తెలుగుదేశమున ఇట్టి గాథలకు పెద్ద పరంపర గలదు. 12వ శతాబ్దపు పలనాటి యుద్ధకథను పిచ్చుగుంట్లవారును, వీరవిద్యావంతులును పాడుదురు. పసుల మేపుబీళ్లకై కాటమరాజునకును నెల్లూరి రాజునకును జరిగిన యెఱ్ఱగడ్డపాటి పోరును కొమ్ములవారు కొమ్ము ఊదుచు పాడుదురు. గడ్డి కఱవైన మెట్టసీమలో గడ్డికొఱకు జరిగిన యుద్ధము మహాకథ యగుటలో వింత లేదు. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలియుద్ధమును జంగములు పాడిరి. 1714లో చెంజికోటవద్ద ఆర్కాటు నవాబు సేనతో పోరి మరణించిన దేశింగురాజు కథ అఱవదేశమునుండి తెలుగులోనికి వచ్చి, చవుక పుస్తకములుగా అచ్చయి, తిరునాళ్లలో అమ్ముడుపోయెను. దేశింగు ప్రాణస్నేహితుడు మహమ్మదీయుడు. ఇద్దఱును ఒకే పోరులో పడిపోయిరి. సభలోని హిందువులును మహమ్మదీయులును ఒకే చోట కన్నీరు తుడుచుకొనుటకు ఆ కథ అవకాశమిచ్చెను.

ఈ కథలన్నింటను ఓడినవారే వీరులని గమనింపుడు. గెలిచినవారికి శాసనములున్నవి, కోటలున్నవి, జీతమునకు వ్రాయు కవులున్నారు. ఓడినవానికి పాట యొక్కటే. పలనాటి బాలచంద్రుడు యుద్ధమునకు పోవుటకు ముందు తల్లి ఐతాంబవద్దను, భార్య మాంచాలవద్దను సెలవు తీసికొను ఘట్టము యుద్ధఘట్టముకంటె ప్రసిద్ధమైనది. వాడు తిరిగి రాడని పాడువానికి తెలియును, వినువానికి తెలియును; లోపల తల్లికిని తెలియును. ఇట్లు ముందే తెలిసియున్న దుఃఖమును నెమ్మదిగా సమీపించుటయే మంద్రగతికి కారణము. అమెరికా పవర్ బ్యాలడులలో తఱచుగా వినబడు వియోగమునకు ఈ లోతు అన్నివేళల నుండదని మా తలంపు. అచ్చట విడిపోవునది ఇద్దఱు మనుష్యులు. ఇచ్చట ఒక ఊరు తన కొడుకును విడిచిపెట్టుచున్నది.

మన గాథలకు లోపములు లేవా? కలవు. వందమంది వేయిమంది యగుదురు. గుఱ్ఱము కోటగోడ దూకును. దానమిచ్చు కులమువారి పూర్వులు ఒక పాఠమున ధీరులు, వేఱొక పాఠమున పిఱికివారు. స్త్రీలను చితిపై నెక్కించి పొగడు ఘట్టములను నేడు మనము ఆమోదింపజాలము. బొబ్బిలికోటలోని స్త్రీల చావును పాడునప్పుడు చెవియొగ్గి వినవలసినదే గాని మెచ్చవలసిన పని లేదు. ఇవి యెఱిగియు ఆ పాట వినునప్పుడు ఒడలు జలదరించుట మానదు. విమర్శ వేఱు, జలదరింపు వేఱు. చదువుకొన్నవానికి రెండును ఉండవలెను.

పాట ఊరు దాటి ఎంతదూరము పోవునో తెలుపుటకు ఒక్క నిదర్శనము. ఓరుగల్లు ప్రాంతమున మొగలాయి ఫౌజుదారుల నెదిరించి 1710లో చంపబడిన సర్వాయి పాపడు కల్లు గీయు కులమున పుట్టినవాడు. ఆతని పాటను జె. ఏ. బాయిల్ అను దొర బళ్లారి సీమలో విని, 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ అను పత్రికలో ప్రకటించెను. అనగా పాట నూఱేండ్లకు పైబడి, తుంగభద్రను దాటి, అచ్చుయంత్రపు సాయము లేకయే అచ్చటికి నడచివచ్చినది. రేడియోవారు వేయలేదు, పాడువాడు కాలినడకను తెచ్చెను. ప్రతి యూరను ఒక గింజ రాల్చుకొనుచు వచ్చెను గనుకనే పాఠములు ఇన్ని.

క్రొత్త కాలమునకు తగినట్లు ఈ విద్యను మార్చి నిలిపినవారిలో షేక్ నాజర్ (1920–1997) ముఖ్యులు. గుంటూరు జిల్లా పొన్నెకల్లున పుట్టిన పేద పింజారి కుటుంబీకుడు. పలనాటి యుద్ధమును, బొబ్బిలి కథను, అల్లూరి సీతారామరాజు కథను బుఱ్ఱకథలుగా చెప్పి, నెమ్మదినుండి వేగమునకును, వేగమునుండి నిశ్శబ్దమునకును సభను నడిపించుటలో ఆయనను మించినవారు లేరని పెద్దలందురు. 1986లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చెను. ఆంధ్రదేశమున వంద బుఱ్ఱకథలలో ఎన్ని ఆయన నడకను అనుకరించినవో చెప్పనక్కఱలేదు.

నరసింహారెడ్డి పేరు నేడు పెద్ద తావులనే యున్నది. కర్నూలు చేరువ ఓర్వకల్లులో 2021లో తెఱచిన విమానాశ్రయమునకు ఆతని పేరు పెట్టిరి. చలనచిత్రము దేశమంతటను ఆడినది. కాని చిత్రములో విన్నది నగరపు సంగీతశాలలో పెక్కు వాద్యములతో కూర్చినది. కుందేటి యొడ్డున ముగ్గురు మనుష్యులు, ఒక తంబుర, రెండు గుమ్మెటలు పుట్టించు బలము వేఱు. ఆ ముగ్గురు దొరకుట ఏటేట కష్టమగుచున్నది. తండ్రి కథకుడైన యింట కొడుకు ఆటో తోలుచున్నాడు, లేక బెంగుళూరికి పనికి పోయినాడు. వానిని నిందింప వీలులేదు. తిరునాళ్లలో కథకు ఇచ్చు సంభావనతో ఇల్లు గడవదు. గుమ్మెటకు తోలు మూయువాడును అరుదగుచున్నాడు.

మన విద్యార్థుల యిండ్లలో పాత పాటలు తెలిసిన అవ్వలు, తాతలు ఇంకను ఉన్నారు. పోరుమామిళ్లవైపునను, బ్రహ్మంగారిమఠమువైపునను, సిద్ధవటమువైపునను తంబురపాటలు విన్నవారు కొల్లలు. చేతిఫోను వీరగాథకు శత్రువని కొందఱందురు; మేము అట్లు తలపము. ఆ ఫోనులోనే పాటను పట్టవచ్చును. ఐతే పట్టునప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకొనవలెను. పాడువారి యనుమతి ముందు అడుగుడు. వారి పేరు, ఊరు, ఎవరివద్ద నేర్చినదియు వ్రాసికొనుడు. మధ్యలో ఆపి "ఇది తప్పు, పుస్తకములో నిట్లున్నది" అనవలదు. తప్పని తోచినదే ఒక్కొక్కప్పుడు పాత పాఠము. అవ్వ ఒక చరణము మఱచి, "తరువాతది నాకు రాదు నాయనా" యన్నచో ఆ మాటను కూడ అట్లే ఉంచుడు. వంత పాడువారిని దూరముగా నిలుపవద్దు. ఒక్క గొంతునే పట్టిన పాటలో మాటలు మిగులును గాని పాట మిగులదు. పల్లవి మూడవమాఱు వచ్చునప్పటికి మీరును గొంతు కలిపియుందురు. ఫోనులో మీ గొంతు పడినను దానిని తుడిచివేయకుడు.